కలుపు తీసిన అడవి

నల్లరేగడి బిడ్డను. మారిషస్ అడవీ, నిన్ను పొగడడానికి నా దగ్గరున్నవన్నీ పొలం మాటలే. వాటితోనే పొగుడుతాను.

చిలకలూరిపేట దాటి ఏ దిక్కుకు నడిచినా కంటికి అందేది సాలు. పత్తి సాలు, మిరప సాలు, శనగ సాలు. చెట్టంటే మాకు గట్టు మీది వేప, వాగు ఒడ్డు తుమ్మ, గుడి ముందు రావి. నీడను వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. పడమట కోటప్పకొండ మూడు శిఖరాలు, ఉత్తరాన కొండవీటి కొండల మసక గీత, మిగిలిందంతా ఆకాశం. వాన పడితే ఆ మట్టి చెప్పును వదలదు. ఎండలు ముదిరితే అదే మట్టి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అలాంటి నేల మీద కళ్లు తెరిచినవాడు నీలోకి వచ్చి నిలబడితే మొదట ఏదీ విడిగా కనబడదు. అంతా పచ్చే. చూపు దేని మీద ఆనాలో తెలియదు. సాలు లేదు, గట్టు లేదు, మొక్కకూ మొక్కకూ ఎడం లేదు. కాసేపు ఊరక నిలబడ్డాక ఒక్కొక్కటే విడివడి పలకరిస్తాయి. నాచు పట్టిన ఎబొనీ మాను, మన నల్లమలలో బీడీ ఆకు కోసే తునికి చెట్టుకు దాయాది. దాని పక్కన గొడుగు విప్పిన చెట్టు ఫెర్న్. బెరడు నిండా గడ్డాల్లా వేలాడే నాచు, ఆ నాచు చివర వాన బొట్టు, ఆ బొట్టు రాలకుండానే దాని వెనక మరో బొట్టు.

నీది వాన ఇల్లు. మా పైర్లకు ఏడాది మొత్తం మీద ఎనిమిది తొమ్మిది వందల మిల్లీమీటర్లు పడితే ఆ ఏడు బతికినట్టే. నీ ఎగువ పీఠభూమి మీద మూడు నాలుగు వేలు పడతాయి. హిందూ మహాసముద్రం మీదుగా ఆగ్నేయపు గాలి మోసుకొచ్చే తడినంతా నువ్వు కొండ మీద ఆపుకుంటావు. తాగినంత తాగి, మిగిలింది లోయల్లోకి వదులుతావు. అందుకే నీ వాగులు ఎండవు. నీ అంచు దాటగానే మొదలయ్యే చెరకు తోటలూ, వాటి కింది ఊళ్లూ, ఆ ఊళ్లకవతల తెల్లటి ఇసుక మీద విదేశీయుల కోసం కట్టిన హోటళ్లూ నువ్వు ఆపిన వాన మీదే బతుకుతున్నాయి.

మారిషస్ అనగానే మనవాళ్ల కళ్ల ముందు ఆడేది ఆ ఇసుకే. కొత్తగా పెళ్లయిన జంటలు వెళ్లొస్తారు, సినిమా వాళ్లు పాట తీసుకొస్తారు, ఫొటోల్లో నీలం నీళ్లు. ఆ నీలం నిజమే, ఆ అందం నిజమే. అయితే ఇసుక మీద నిలబడ్డవాడికి దీవి ఒడ్డు మాత్రమే తెలుస్తుంది. దాని వయసు తెలియాలంటే, దాని నొప్పి తెలియాలంటే, నీ దగ్గరికే ఎక్కి రావాలి. ఆ దీవి మా పల్నాడు జిల్లాలో నాలుగో వంతు, 1,865 చదరపు కిలోమీటర్లు. అందులో నైరుతి మూల కొండలనూ లోయలనూ కలిపి, 1994లో నిన్ను బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కుగా ప్రకటించారు. మొత్తం 6,574 హెక్టార్లు, మా లెక్కలో పదహారు వేల ఎకరాల పైచిలుకు. అంతే నువ్వు. ఒక మండలానికి సరిపోయేంత. ఆ కాస్త చోటులో దీవి తన పాత ప్రాణమంతా దాచుకుంది.

ఎందుకు దాచుకోవాల్సి వచ్చిందో చెప్పకుండా నిన్ను పొగిడితే అది అబద్ధపు పొగడ్త అవుతుంది.

80 లక్షల ఏళ్ల కిందట నిప్పు కక్కుతూ సముద్రంలోంచి లేచిన రాయి నీ తల్లి. గాలీ, అలా, పక్షి కడుపూ తెచ్చిన గింజలతో నువ్వు మొలిచావు. మనిషి లేడు. పిల్లి లేదు, ఎలుక లేదు, కోతి లేదు. భయపడాల్సిన అవసరం లేని చోట పక్షులు రెక్కలు మరచిపోయాయి. డోడో అలా పుట్టింది. 1598లో డచ్చివాళ్ల ఓడలు దిగాయి. 1638లో స్థిరపడి నీ ఎబొనీని నరికి ఓడలకెక్కించారు. 1639లో జావా నుంచి జింకలను దించారు, అదే ఏడు చెరకు గడనూ దించారు. 1662 తరవాత డోడోను చూశామని నమ్మకంగా చెప్పినవాళ్లు లేరు. నీ మీద పాదం పెట్టి వంద సంవత్సరాలు నిండకముందే మనిషి నీ పెద్దబిడ్డను పోగొట్టాడు. తరవాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్లు. చెరకు కొండల మీదికి ఎగబాకింది. అడవి వెనక్కి వెనక్కి నడిచింది.

ఇక్కడ నా గొంతు కొంచెం తగ్గించుకోవాలి. నిన్ను నరికిన చేతుల్లో మావాళ్ల చేతులూ ఉన్నాయి. 1834 నుంచి 1910 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మందిని మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా పోర్ట్ లూయీ రేవులో దించారు. గోదావరి పక్కనున్న కోరంగి రేవు నుంచీ, విశాఖ, గంజాం వైపు నుంచీ ఓడెక్కిన తెలుగువాళ్లను అక్కడ కొరింగీలన్నారు. కరువు తోలితే వెళ్లినవాళ్లు, మేస్త్రీ మాట నమ్మి వెళ్లినవాళ్లు. అడవి కొట్టి, అగ్నిరాళ్లు ఏరి, చెరకు పెట్టడమే వాళ్లకు అప్పజెప్పిన పని. ఆ ఏరిన రాళ్ల గుట్టలు ఇవాళ్టికీ చెరకు తోటల నడుమ నల్లటి గోపురాల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కో గుట్ట ముందు ఆగి చూస్తే ఒక్కో ఊరి వెన్నెముక కనబడుతుంది. అడవి పోయినందుకు నేను ఏడుస్తాను. ఆ రాయి ఎత్తిన ముసలమ్మ కోసమూ ఏడుస్తాను. రెండు దుఃఖాలూ ఒకే మట్టిలో ఉన్నాయి, వాటిని విడదీసే హక్కు నాకు లేదు.

డోడో ఎముకలు లోకానికి విరివిగా దొరికింది కూడా కూలీల కాళ్ల వల్లే. దీవి ఆగ్నేయాన, సముద్రం దగ్గర మార్ ఓ సోంజ్ అనే బురద మడుగు ఉంది. 1865లో జార్జ్ క్లార్క్ అనే బడిపంతులు ఆ మడుగులోకి మనుషులను దింపాడు. మొలలోతు దాకా నీళ్లు, అడుగున బురద. వాళ్లు చెప్పుల్లేని కాళ్లతో తడుముతూ నడిచి, అరికాలికి తగిలిన ఎముకలను పైకి తీశారు. మ్యూజియంలలో నిలబెట్టిన డోడో అస్థిపంజరాల్లో చాలా భాగం అలా పైకొచ్చినదే. పుస్తకాల్లో పంతులి పేరుంది. కాళ్ల పేర్లు లేవు. నాట్లేసే కాలికి బురదలో ఏం ఉందో తెలుస్తుంది. ఆ తెలివి వల్లే పోయిన పక్షి ఒకటి మళ్లీ వెలుగు చూసింది.

ఇప్పుడు నీలో మిగిలిన సంగతి. దీవి మొత్తం మీద మంచి స్థితిలో ఉన్న అసలు అడవి నూటికి రెండు వంతులు కూడా లేదంటారు. అందులో ఎక్కువ భాగం నీ ఒడిలోనే ఉంది. మకాబె గుట్ట మీద, బ్రీజ్ ఫేర్ వైపు, పెత్రాన్ పొదల్లో. నరకడం ఆగాక కూడా నువ్వు కోలుకోలేదు, అది నన్ను చాలా కలవరపెట్టిన విషయం. గొడ్డలి ఆగినా చావు ఆగలేదు. కారణం కలుపు. బ్రెజిల్ నుంచి వచ్చిన ఎర్ర చిన్నజామ, చైనా జామ అని పిలుస్తారు అక్కడ. దాని తోడు ప్రివెట్ అనే పొద. ఈ రెండూ నీ కింద దుప్పటిలా పరుచుకుని, నీ గింజ నేల తాకకుండా, తాకినా మొలవకుండా, మొలిచినా ఎదగకుండా చేశాయి. పైన మూడు వందల ఏళ్ల చెట్టు బతికే ఉంటుంది, కింద దాని బిడ్డ ఒక్కటీ ఉండదు. ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊరు నువ్వు.

అప్పుడు మనుషులు ఏం చేశారో అదే, నన్ను నీకు భక్తుణ్ని చేసింది. వంగి కలుపు తీశారు.

1980లు, 90ల నుంచి నీలో కొన్ని మడులు ఎంచుకుని, జింకా పందీ దూరకుండా చుట్టూ కంచె వేసి, లోపల జామనూ ప్రివెట్‌నూ ఒక్కొక్క మొక్కగా చేత్తో పీకారు, పెద్దవాటిని కత్తితో నరికారు. ఎకరం తరవాత ఎకరం. ఒకసారి తీస్తే అయిపోయే పని కాదది. రెండేళ్లకు మళ్లీ మొలుస్తుంది, మళ్లీ వంగాలి. పత్తిచేలో కలుపు తీసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. మా ఊళ్లలో తెల్లారగట్ల కొంగు బిగించి, సద్దిమూట పట్టుకుని, ఆటోల్లో కిక్కిరిసి చేలకు పోయే ఆడవాళ్లకు తెలుసు. ఏది పైరో ఏది కలుపో పసిమొక్కలోనే, రెండాకుల దశలోనే చూసి చెప్పగలిగిన కన్ను వాళ్లది. ఆ కన్నే నీకూ కావలసి వచ్చింది. ఎబొనీ మొలకేదో జామ మొలకేదో తెలియని చెయ్యి నీలో పనికిరాదు. కలుపు తీసిన మడుల్లో కొన్నేళ్లకే అసలు మొలకలు లేచాయి. ఎన్నో ఏళ్లుగా పూయడం మానేసిన చెట్లు మళ్లీ పూత పట్టాయి.

అడవి అంటే మనిషి చెయ్యి పెట్టనిది అని బడిలో నేర్చుకున్నాం. కొన్ని అడవులకు అది నిజమేమో. నువ్వు మాత్రం మనిషి చెయ్యి తగిలి చెడ్డావు, మనిషి చెయ్యి తగిలే బతుకుతున్నావు. ఇంత చిన్న దీవిలో, ఇంత గాయం తరవాత, నిన్ను నీ మానాన వదిలేయడం దయ అనిపించుకోదు. సాగు చెయ్యాలి నిన్ను, పైరును చేసినట్టు. ప్రపంచంలో ఏ గొప్ప అడవిని చూసినా నాకు గౌరవం కలుగుతుంది. నిన్ను చూస్తే చుట్టరికం కలుగుతుంది.

ఆ జామపండు రుచి చెప్పకపోతే అన్యాయం. గోళీకాయంత, ఎర్రగా, పుల్లగా తియ్యగా ఉంటుంది. కాపు రోజుల్లో దీవి జనమంతా గిన్నెలూ సంచులూ పట్టుకుని నీ దారుల్లోకి వస్తారు, ఏరుకుని ఉప్పూ కారం అద్దుకుని తింటారు. మన గుంటూరు సీమ పిల్లలు జామకాయకు అద్దుకున్నట్టే. పండు తప్పేమీ లేదు. తన నేల మీద అది చక్కటి చెట్టే. చోటు మారితే ఎంత మంచిదైనా ఎలా కలుపవుతుందో మాకు తెలుసు. మా గట్ల మీద వయ్యారిభామా, బీళ్లలో సర్కారు తుమ్మా ఎక్కడి నుంచో వచ్చి కూర్చున్నవే.

అంతకన్నా గుచ్చుకునే మాట ఒకటుంది. మా రామచిలక నీకు కలుపు.

మా ఊరి ఆకాశం మీద సాయంత్రం పూట కీచుమంటూ పచ్చటి బాణాల్లా పోయే చిలకలు, జొన్న కంకుల మీద వాలితే డబ్బా కొట్టి తోలినా మనసులో ముద్దుగానే చూసుకునే చిలకలు, 19వ శతాబ్దం చివర్లో నీ దీవిలో పంజరాలు దాటి పోయాయి. మా గోరింక అంతకుముందే చేరింది. మా పిగిలిపిట్టా వచ్చింది. నీకు నీ చిలక ఉంది. దాన్ని ఎకో చిలక అంటారు. మా చిలకకు అక్కచెల్లెలే, కాస్త ముదురు పచ్చ, కాస్త పొట్టి తోక, మగదానికి ఎర్ర ముక్కు, ఆడదానికి నల్ల ముక్కు. ముసలి చెట్ల తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. ముసలి చెట్లు పోయాయి. మిగిలిన తొర్రల్లో మా చిలక ముందే కూర్చుంది. 1980లకు నీ చిలకలు పది పన్నెండు మిగిలాయి. లోకంలోకల్లా అరుదైన చిలక అన్నారు దాన్ని.

ఆ పది పన్నెండింటిని మనుషులు కాచిన తీరు విని నేను చేతులు జోడించాను. చెట్టెక్కి తొర్రలు బాగుచేశారు. చెక్కపెట్టెలు చేసి కొమ్మలకు కట్టారు. ఎలుకలను ఆపారు. గూట్లో బతకలేని పిల్లలను తెచ్చి చేత్తో మేపి మళ్లీ అడవికిచ్చారు. తిండి చాలని నెలల్లో గింజలు పెట్టారు. మధ్యలో ముక్కు, ఈకల రోగం వచ్చి పడింది, దాన్నీ తట్టుకున్నారు. ఇప్పుడవి ఏడు వందలు దాటాయి. మకాబె దారిలో ఆకుల మధ్య నుంచి ఒక నల్లముక్కు తొంగి చూసినప్పుడు మా ఊరి చిలక మీద కోపమూ రాలేదు, నీ చిలక మీద జాలీ రాలేదు. బతికావమ్మా అనిపించింది, అంతే.

నీ డేగ కథ ఇంకా దగ్గర కథ. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ, కొండచరియ బొరియల్లో గుడ్లు పెట్టి, పచ్చని బల్లులను వేటాడి బతుకుతుంది. 1974లో అడవిలో కనబడినవి నాలుగంటే నాలుగే. దాన్ని అంత దాకా తెచ్చినవాటిలో అడవి నరుకుడు ఒకటి, డీడీటీ మరొకటి. మలేరియా దోమ మీద చల్లిన మందు పురుగులోకి, పురుగు నుంచి బల్లిలోకి, బల్లి నుంచి డేగ గుడ్డు పెంకులోకి ఎక్కింది. డీడీటీ పేరూ బీహెచ్‌సీ పేరూ మా పొలాలకు బాగా తెలిసినవే. 1980ల్లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేస్తే మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, చివరికి ఆ డబ్బానే నోటికెత్తుకున్న రైతులున్న నేల ఇది. అందుకే నీ డేగ పెంకు ఎందుకు పలచబడిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1979లో వేల్స్ నుంచి కార్ల్ జోన్స్ అనే యువకుడు వచ్చాడు. డేగ పెట్టిన మొదటి విడత గుడ్లను మెల్లగా తీసి పొదిగించాడు, తల్లి మళ్లీ గుడ్లు పెట్టింది. అలా ఒక్కటి రెండయింది, రెండు నాలుగయ్యాయి, కొన్నేళ్లకు వందలయ్యాయి. 1984లో మారిషన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ ఏర్పడింది. 1990 నాటికి ఇంచుమించు పదికి తగ్గిన గులాబీ పావురం కూడా ఆ చేతుల్లోనే నాలుగు వందల దాకా పెరిగింది. ఒకే దీవిలో మూడు జాతుల పక్షులను అంచు మీద నుంచి వెనక్కి లాగినవాళ్లు. డోడోను పోగొట్టిన దీవే ఆ పని చేసి చూపించింది.

నీ పూల దగ్గర కాసేపు ఆగుతాను. పత్తి పండించేవాడు ఆగాలి కూడా. త్రొకేషియా అనే పూమొక్క ఉంది నీలో, గంటలా వేలాడే పువ్వు. దాని చెల్లెలు ఒకటి లె మోర్న్ కొండ మీద మాత్రమే బతుకుతూ మారిషస్ జాతీయ పుష్పమైంది. దీవివాళ్లు దాన్ని చెవిపోగు అంటారు. అది పత్తి కుటుంబపు మొక్క. మా చేలో పొద్దున పసుపుగా విచ్చుకుని, సాయంత్రానికి గులాబీ తిరిగి వాడే పత్తిపువ్వుకూ, పెరట్లో బెండపువ్వుకూ, మందారానికీ చుట్టం. ఇక దాని తేనెకు రంగుంది. మన పూల తేనె నీళ్లలా తేటగా ఉంటే, ఈ పువ్వు గిన్నెలో ఎర్రగా, పసుపుగా మెరుస్తుంది. ఆ రంగు చూసి వచ్చేది తేనెటీగ కాదు, బల్లి. నీలం తోక, పచ్చని ఒళ్లు, వీపు మీద ఎర్ర చుక్కలు. పగటి బల్లి. పువ్వులో తలదూర్చి నాలుకతో తాగి, నుదుటికి పుప్పొడి అంటించుకుని మరో పువ్వుకు పోతుంది. మా ఇళ్లలో బల్లి మీద పడితే శాస్త్రం చూసుకుంటాం. నీ ఇంట్లో బల్లి పూలకు పెళ్లిళ్లు చేస్తుంది.

నీ అంచునే ఒక చెరువుంది, గంగా తలావ్. చల్లారిన అగ్నిపర్వతపు గుంటలో నిలిచిన నీరు, సముద్రానికి 550 మీటర్ల ఎత్తున. 1897లో ఒక పూజారి ఆ నీటిని కలగన్నాడని, మరుసటి ఏడు శివరాత్రికి జనం నడిచి వెళ్లారని అక్కడివాళ్లు చెబుతారు. 1972లో గోముఖం నుంచి గంగనీరు తెచ్చి కలిపారు. ఇవాళ శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ జనం తెల్లబట్టలు కట్టి, రంగు కాగితాలతో, అద్దాలతో అలంకరించిన కావళ్లు భుజాన పెట్టుకుని రోజుల తరబడి నడిచి వస్తారు. ఆ కావళ్లు చూస్తే చిలకలూరిపేట మనిషికి గొంతు పట్టేస్తుంది. అదే రాత్రి మా పల్లెలన్నీ కోటప్పకొండకు ప్రభలు కడతాయి. తాటిచెట్లను మించిన ఎత్తున, విద్యుద్దీపాలతో, వెదురు చట్రాలతో, ఎడ్లూ ట్రాక్టర్లూ లాగుతుంటే చేల మధ్య నుంచి కదిలి వచ్చే గోపురాలవి. రెండు చోట్లా కోతులు కొబ్బరిచిప్పల కోసం కాచుకు కూర్చుంటాయి. మా కొండ మీది కోతి ఆ నేల బిడ్డే. నీ దగ్గరి కోతి తూర్పు దీవుల నుంచి ఓడలో వచ్చింది, నీ పక్షుల గూళ్లు దోస్తుంది. దానికి అరటిపండు ఇచ్చే భక్తుడికి ఆ సంగతి తెలియదు.

ఆ కొరింగీల మనవలు ఇవాళా ఉగాది చేసుకుంటారు. అది ఆ దేశంలో సెలవు రోజు. రామభజనలు పాడతారు, సింహాద్రి అప్పన్నకు మొక్కుతారు, అమ్మోరు పండుగ చేస్తారు. బళ్లలో పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇంట్లో మాట్లాడుకునేది క్రియోల్ అయినా దేవుడితో మాట్లాడేది తెలుగు. నీ కొమ్మల కింద వాళ్ల పిల్లలు నడుస్తున్నారంటే, మనవాళ్లు నిన్ను చెరకు మడిగా కాకుండా అడవిగా చూసే రోజు వచ్చిందంటే, ఆ రాళ్ల గుట్టలకు కొంచెం శాంతి.

నీ చెల్లెలు సముద్రంలో ఉంది. ఆగ్నేయాన మహేబూర్ ఊరి ఎదురుగా ఈల్ ఓ ఎగ్రెట్ అనే 26 హెక్టార్ల పగడపు దిబ్బ. 1965 నుంచి రక్షిత ప్రాంతం. అక్కడా కలుపు తీశారు, ఎలుకలను తుడిచారు, గులాబీ పావురాలను వదిలారు. దీవి సొంత పెద్ద తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి కాబట్టి 2000లో అల్దాబ్రా తాబేళ్లను తెచ్చి గింజలు మోసే పని అప్పజెప్పారు. అవి ఎబొనీ పండు తిని, నడిచి నడిచి ఎక్కడో విడిచిన గింజ, రాలిన చోటే పడి ఉన్న గింజకన్నా బాగా మొలిచింది. నిదానంగా నడిచే రైతులు.

2020 జులై 25న వకాషియో అనే ఓడ ఆ దిబ్బకు దగ్గరలోనే పగడాల మీదికెక్కింది. ఆగస్టు 6న చమురు కారడం మొదలైంది, దాదాపు వెయ్యి టన్నులు. దీవి జనం ఎవరి కోసమూ ఆగలేదు. గుడ్డ సంచుల్లో ఎండు చెరకాకు కూరి, కుట్టి, తాళ్లతో కట్టి, నీళ్ల మీద తెట్టెకు అడ్డంగా వేశారు. జుట్టు కత్తిరించి ఇచ్చినవాళ్లున్నారు. చెరకు కోసం అడవి పోయిన దేశంలో, అడవి కోసం చెరకు అడ్డుపడిన రోజది. మోకాళ్ల దాకా నల్ల నూనెలో నిలబడి ఆ సంచులు అందించుకున్న ఆడవాళ్లూ మగవాళ్లూ కూలీల మనవలు, బానిసల మనవలు, తోటల యజమానుల మనవలు కూడా. నిన్ను కాచేవాళ్ల కులం అదే.

నీ విషయంలో ఒక్కచోట నాకు మనసు రెండుగా చీలుతుంది. నీ పెద్ద గబ్బిలాలు రాత్రిళ్లు కిందికి దిగి లిచీ, మామిడి తోటల్లో పడతాయి. 2015 నుంచి ప్రభుత్వమే విడతలుగా వాటిని కాల్పించింది. కాపు కళ్ల ముందు పోతుంటే చూసిన రైతు కడుపుమంట నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. కానీ నీ పెద్ద గింజలను ఇప్పటికీ మోసుకెళ్లి నాటేది ఆ గబ్బిలమే. డోడో లేదు, తాబేలు లేదు. ఇదీ పోతే విత్తేవాడు ఉండడు. చెట్టు మీద వల కప్పడం ఖర్చే, అయినా తుపాకీ కన్నా అదే సరైన దారి అని నా తీర్పు.

వెళ్లబోయేవాళ్లకు చివరగా ఒక మాట. మన పాస్‌పోర్టు ఉన్న యాత్రికులకు మారిషస్ ముందుగా వీసా అడగదు. పత్తి అమ్ముకున్న డబ్బులో, జీతంలో దాచిన డబ్బులో, ఎప్పుడైనా ఆ దీవికి వెళ్తే, సముద్రానికి ఇవ్వాల్సిన రోజులు ఇచ్చి, ఒక పూర్తి రోజు అడవికి అట్టేపెట్టుకోండి. పొద్దున్నే పెత్రాన్ చేరి మకాబె దారిలో నడవండి. వాన కోటు దగ్గర పెట్టుకోండి. బయల్దేరే ముందు బూటు అడుగున ఉన్న మట్టి దులపండి, మన గడ్డి గింజ అక్కడికి మోయకండి. కోతికి ఏమీ పెట్టకండి. జామపండు కడుపునిండా తినండి, గింజను మాత్రం దారిపక్క ఊసెయ్యకుండా కాగితంలో చుట్టి అడవి బయటికి తెచ్చెయ్యండి. ఎక్కడైనా కంచె లోపల వంగి కలుపు తీస్తున్నవాళ్లు కనబడితే ఆగి, నమస్కారం పెట్టి, తరవాత ముందుకు కదలండి.